సిరిల్ మాల్ట్‌బీ అడగని టీ

ఆగండి, ఎక్కడికీ వెళ్ళకండి. ఇది పూర్తిగా విని మీరే ఒక మాట చెప్పాలి.

పార్కు తోటమాలి సిరిల్ మాల్ట్‌బీ రెండు చేతుల్లో రెండు బకెట్లతో లోపలికి వస్తున్నాడు. పొడుగాటి ముసలి మనిషి, మోకాళ్ళ దగ్గర కాస్త వంగాడు. మెడ ఇటుకలా కాలిపోయింది, టోపీ కింద నుదురు మాత్రం పాలలా తెలుపు. అంత ఎండలోనూ కోటు బొత్తాలన్నీ పెట్టుకునే ఉన్నాడు. నీళ్ళ కరువని, గొట్టంతో తోట తడపకూడదని ఆ వేసవిలో ఇంగ్లండులోని లింకన్‌షైర్ జిల్లా అంతా నిషేధం. అందుకని స్కెల్‌బీ ఊరి జనం స్నానం చేసిన తొట్టి నీళ్ళు గుమ్మం ముందు పెడితే, సిరిల్ మోసుకొచ్చి హైడ్రేంజియా పూలమొక్కలకు పోస్తున్నాడు. అవి తల వేలాడేసి, తప్పు చేసిన బడిపిల్లల్లా నిలబడ్డాయి. గులాబీలు కొమ్మ మీదే ఉడికిపోయాయి. పచ్చిక కొబ్బరిపీచు అయింది.

"ఇదెవరి నీళ్ళు సిరిల్? లావెండర్ గుబాళిస్తోంది!" అంది పార్కు గేటు పక్కన టీ దుకాణం నడిపే డోరీన్ పిక్‌వర్త్.

"మాంసం కొట్టు నెవిల్‌వి."

"నెవిల్ లావెండర్‌తో స్నానం చేస్తాడా!"

"పువ్వులకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

పార్కు మధ్యలో నాలుగు కాళ్ళ మీద తెల్లటి చెక్కపెట్టె ఒకటుంది. చుట్టూ గాలాడే రెక్కలు, లోపల థర్మామీటర్లు. రోజూ పొద్దున తొమ్మిదింటికి వాటిని చూసి వాతావరణం వాళ్ళకు ఫోను చేయడం సిరిల్ పని. పెళ్ళి చేసుకోలేదు, ఊరు దాటలేదు. ఎవరైనా తమ పెళ్ళిరోజు చెబితే, "ఆ రాత్రి మంచు పడి నా డాలియాలు పోయాయి" అనేవాడు. ఒకసారి పూల పోటీ పెద్దలు చలి కాస్త తగ్గించి చెప్పమని బతిమాలితే, వారం రోజులు వాళ్ళతో మాట్లాడలేదు. ఆ పెట్టెలోంచి ఒక్క అబద్ధపు అంకె బయటికి పోకూడదు. జీవితంలో అతనికున్న పట్టింపు అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఊరంతా మడతకుర్చీలేసుకుని కంచె చుట్టూ కూర్చుంది. పక్క ఊరు హార్కిల్‌లో ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీల ఎండ వచ్చిందని రేడియో చెప్పింది మరి. హార్కిల్ చేతిలో క్రికెట్ ఓడిపోవడం ఒక ఎత్తు. ఎండలో కూడా ఓడిపోతే ఇంక ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

సిరిల్ పెట్టె తలుపు తీశాడు. ముప్పై ఎనిమిది. చేతిలో పొగలు కక్కుతున్న టీ ఉంది. అంత ఎండలో టీ ఏమిటంటారా, స్కెల్‌బీలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కందిరీగ ఒకటి కప్పు చుట్టూ తిరుగుతోంది. అంతలో కుర్చీ విరిగి నెవిల్ కింద పడ్డాడు. సిరిల్ కప్పును పెట్టెలో పెట్టి, కందిరీగ దూరకుండా తలుపు వేసి, పరుగెత్తాడు. నెవిల్‌ను లేపడానికి నలుగురు కావలసి వచ్చింది.

తిరిగొచ్చి తలుపు తీసి, కప్పు చేతిలోకి తీసుకుని, అలాగే కొయ్యబారిపోయాడు. పాదరసం ముప్పై తొమ్మిదిన్నర దగ్గర ఆగి ఉంది. ఆ థర్మామీటరులో ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు. విదిలించడానికి చెయ్యి చాచాడు.

"ముప్పై తొమ్మిదిన్నర!" భుజం వెనక డోరీన్ కేక పెట్టింది. "హార్కిల్‌ను కొట్టేశాం!"

ఊరు ఒక్కసారి లేచింది. ఎవరో చర్చి గంట కొట్టడం మొదలెట్టారు. డోరీన్ తలుపుకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. "రేపు తొమ్మిదింటిదాకా దీన్ని ఎవ్వరూ ముట్టుకోకూడదు. నువ్వు కూడా!"

"డోరీన్... టీ," అన్నాడు సిరిల్, కప్పు చూపిస్తూ.

"అయ్యో, ఇదిగో!" అని కప్పు నింపేసింది.

"అది కాదు. టీ వల్ల—"

"వింటున్నారా? అంతా టీ వల్లేనట! ఇంకో కెటిల్ పెట్టండి!"

"నెవిల్, నువ్వైనా విను. నా టీ—"

రాత్రి భోజనాన్ని కూడా ఆ ఊళ్ళో టీ అనే అంటారు. "పాపం పెద్దాయన ఇంకా టీ తినలేదర్రా!" అని నెవిల్ కుంటుకుంటూ వెళ్ళి పంది మాంసం కూరిన రొట్టె, ఉడికించిన బఠానీలు పట్టుకొచ్చాడు. సిరిల్ ఎన్నిసార్లు నోరు తెరిస్తే అన్నిసార్లు దాంట్లో ఏదో ఒకటి పెట్టారు. చివరికి బఠానీలు నమిలి మింగి, "పొద్దున తొమ్మిదింటికి చెబుతాను. అందరూ రండి," అన్నాడు.

"రాకుండా ఉంటామా!" అన్నారు.

అందరూ వచ్చారు. ఎండ పోయి, ఎప్పుడూ ఉండే చినుకు మొదలైంది. గొడుగులు, రెయిన్‌కోట్లు. సిరిల్ మాత్రం రాలేదు. పిలవడానికి వెళ్ళిన నెవిల్ తన టోపీ తీసి చేతిలో పట్టుకుని తిరిగొచ్చాడు. "కుర్చీలోనే... నిద్రలోనే పోయాడు. కోటు బొత్తాలు కూడా విప్పలేదు."

అందరూ తలలు వంచారు. హైడ్రేంజియాలు మాత్రం నిటారుగా నిలబడ్డాయి.

"నువ్వు చూసి ఫోను చెయ్యి డోరీన్," అన్నాడు నెవిల్, ముక్కు తుడుచుకుంటూ. "రికార్డు పెద్దాయన పేరు మీదే ఎక్కాలి. నిన్న దీన్నే చెప్పాలనుకున్నాడు కదా."

డోరీన్ తాళం తీసింది. ముప్పై తొమ్మిదిన్నర అలాగే ఉంది. దాని కిందే, తెల్లటి చెక్క మీద, గుండ్రంగా గోధుమరంగు మరక. అలాంటి మరకలు రోజంతా తుడవడమే ఆమె బతుకు. అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. "టీ," అంది పైకే. అన్నాక చేత్తో నోరు మూసుకుంది.

"ఏంటన్నావ్?" అని వెనకనుంచి నెవిల్.

ఆమె భుజం మీద తుడుపుగుడ్డ ఉంది. వెనక ఊరంతా తడుస్తూ ఎదురుచూస్తోంది. మీరైతే ఆ మరకను ఏం చేసేవారు?