గీకనిదే రంగు వేయం

మూడో తరగతి గది పైకప్పు పెచ్చు ఊడి మా అమ్మాయి చేతి మీద పడిన ఆరో రోజున, ఆ గదికి రంగు వేయడానికి కాంట్రాక్టరు నన్నే పిలిచాడు. నేను వెళ్ళాను. ఎలా వెళ్ళావని మీరు అడుగుతారు. అడగాల్సిందే. ఆ ఆరు రోజులూ నాకు ఆకలి తెలియలేదు, కోపం తెలియలేదు, ఏడుపు రాలేదు. నిచ్చెన ఎక్కమంటే ఎక్కాను, అంతే. అమ్మాయి కుడిచేతికి రెండు వేళ్ళు తీసేశారు. మూడోది ఇక వంగదన్నారు. తొమ్మిదేళ్ళ పిల్ల. పెచ్చు పడినప్పుడు ఎక్కాలు రాసుకుంటోంది.

పిల్లలు బంతి విసిరితే తగిలి ఊడిందని ఆఫీసువాళ్ళు కాగితం రాసుకున్నారు. మా అమ్మాయి బంతి విసిరితే పక్క బెంచీ కూడా దాటదు.

ముందు ఆ బడి సంగతి చెప్పాలి. మా నాన్న చదివిన బడి అది, నేనూ అక్కడే చదివాను. వానొస్తే మూడు తరగతులు ఒకే గదిలో సర్దుకుంటాయి. పైకప్పు మార్చడానికి నిధులివ్వమని పెద్ద టీచరమ్మ ఏటా ఉత్తరం రాస్తుంది. ఏటా ఒకటే జవాబు వస్తుంది: తనిఖీ నివేదిక ప్రకారం భవనం బాగానే ఉంది. ఆ నివేదిక రాసేది ఇంజనీరు. ఆయన వచ్చే ముందు మేం వెళ్ళి పగుళ్ళలో లప్పం కుక్కి, పైన రంగు కొట్టి వస్తాం. బడి బాగుందని రాసి ఉంటే నిధులు ఇవ్వక్కర్లేదు. రంగు చవక కాబట్టి రంగుకి మాత్రం ఎప్పుడూ కరువు లేదు.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. పాత రంగు గీకనిదే కొత్త రంగు వేయకూడదు. గీకితేనే గోడకి లోపల ఏ రోగముందో బయటపడుతుంది. మా నాన్న నా చేతికి కుంచె ఇచ్చే ముందు రెండేళ్ళపాటు గీకే రేకు మాత్రమే ఇచ్చాడు. కాంట్రాక్టరు పాఠం వేరు. "గీకొద్దు, పైన కొట్టేయండి" అంటాడు. ఏడేళ్ళుగా పైన కొట్టేస్తూనే ఉన్నాం.

శనివారం పొద్దున తొమ్మిది మందిమి బడికి వెళ్ళాం. సోమవారం పది గంటలకి తనిఖీ. మూడో తరగతి గదిలో మా అమ్మాయి కూర్చునే బెంచీ కడిగి ఆరబెట్టి ఉంది. బడి ఊడ్చే ముసలామెను అందరూ ఆయమ్మ అంటారు. ఆమె బకెట్టు నిండా పెచ్చులు తెచ్చి నా ముందు పెట్టింది.

"పారబోయమన్నారయ్యా. మనసొప్పలేదు" అంది. "ఇరవయ్యేళ్ళుగా రోజూ పొద్దున్నే ఇవే ఊడుస్తున్నా. పిల్లలొచ్చేలోగా ఊడ్చేస్తే ఏమీ రాలనట్టే ఉంటుంది కదా. మీ కుంచెకీ నా చీపురుకీ తేడా ఏముంది?"

అన్నిటికంటే పెద్ద పెచ్చు చేతిలోకి తీసుకున్నాను. అంచున ఏడు పొరలు కనిపించాయి. పసుపు, ఆకుపచ్చ, మళ్ళీ పసుపు. పై రంగు లేచిపోయిన చోట, పగులులో కుక్కిన లప్పం రాయిలా గట్టిపడి ఉంది. దాని మీద బొటనవేలి అచ్చు, ఆ అచ్చుకి అడ్డంగా ఒక గీత. నా బొటనవేలికి చిన్నప్పుడు రేకు తెగిన మచ్చ అడ్డంగానే ఉంది.

పోయినేడు అది నేను చేసిన పనే. పొద్దు గూకుతోంది, కాంట్రాక్టరు తొందరపెడుతున్నాడు, రేకు తీసే ఓపిక లేక వేలితోనే కుక్కేశాను. పగుల్లో వేలు సగం దాకా దిగిపోయింది. ఇది రంగుతో పోయేది కాదని అప్పుడే తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు.

పెచ్చుని గుడ్డలో చుట్టి నా సంచిలో దాచాను. ఇంట్లో నా భార్యకి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర క్యారియర్లు విప్పుకుని కూర్చున్నప్పుడు మాట మొదలైంది. ఈ పని మానేద్దామన్నారు ఒకరిద్దరు. మాలో గళ్ళచొక్కా అనేవాడొకడున్నాడు, దేనికైనా అడ్డం తిరుగుతాడు.

"మనం మానేస్తే ఏమవుద్ది? కూలీల అడ్డా మీంచి ఇంకో తొమ్మిది మందిని ఎక్కించుకొస్తాడు. సోమవారానికి గోడలు తళతళలాడతాయి. పోయేది మన పనే."

"నీ కూతురు పక్క గదిలోనేగా కూర్చునేది?" అన్నారొకరు.

"అందుకే అడుగుతున్నా. నేను మానేస్తే నా కూతురికి ఒరిగేదేంటో చెప్పు."

అందరూ నా వైపు చూశారు, చేతికి తగిలింది నా పిల్లకి కాబట్టి నేనేదో చెప్తానని. నేను ముద్ద నములుతూ కూర్చున్నాను.

లప్పం అక్క మాలో పెద్దది. లప్పం పెట్టడంలో ఆమెని మించినవాళ్ళు లేరు, అందుకే ఆ పేరు. చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అంది.

"మానొద్దు. పని చేద్దాం. మొత్తం పని చేద్దాం, గీకడం దగ్గర్నుంచి."

"గీకితే సగం కప్పు నెత్తిన పడుద్ది అక్కా."

"పడనీ. పిల్లలు లేనప్పుడే పడనీ."

గళ్ళచొక్కా లేచి తన సంచి తెచ్చి గీకే రేకు బయటికి తీశాడు. ఏళ్ళ తరబడి వాడక తుప్పు పట్టి ఉంది.

ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా గీకాం. నెత్తికి గోనెసంచులు మడిచి కట్టుకున్నాం. రేకు తగిలితే చాలు, పెచ్చులు పళ్ళేలంత ఊడి పడ్డాయి. లోపలి ఇనుప చువ్వలు తుప్పు తినేసి దారాల్లా మిగిలాయి. సంగతి వీధుల్లోకి పాకి తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చారు. నా భార్య కూడా వచ్చింది, ఆయమ్మతో కలిసి తట్టలతో రాలినదంతా బయటికి మోసింది. సాయంత్రానికి ఏ గదిలోనూ రంగు మిగల్లేదు. అందరి ముఖాల్లో ఏదో వెలుగుంది. నాకు మాత్రం చేతులు కదులుతున్నాయన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియలేదు.

సోమవారం ఎనిమిదింటికి కాంట్రాక్టరు వచ్చి గుడ్లప్పగించాడు.

"ఏం చేశార్రా ఇది?"

"పనే సార్" అంది లప్పం అక్క. "సగం అయింది. మిగతా సగం పైకప్పు మార్చాక."

తిట్టాడు, బతిమాలాడు, చివరికి తనే బకెట్టు పట్టుకుని నిచ్చెనెక్కాడు. కుంచె పెట్టగానే చువ్వకున్న తుప్పంతా రంగుతో సహా అతని తెల్ల చొక్కా మీద కుమ్మరించినట్టు పడింది. అప్పటికే బడికి వచ్చిన పిల్లలు పగలబడి నవ్వారు. అతను దిగి పోలీసులకి ఫోన్ చేశాడు.

పది గంటలకి ఇంజనీరు జీపూ పోలీసు వ్యానూ ఒకేసారి వచ్చాయి. ఇంజనీరు మూడో గది గడప దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రండి సార్" అంది ఆయమ్మ. "పిల్లలు ఏడాది పొడుగునా కూర్చుంటారు. మీరు రెండు నిమిషాలు నిలబడండి."

ఆయన అడుగు పెట్టలేదు. గడప మీదే రాసుకుంటూ పైకి చదివాడు. "పనివాళ్ళు గీకి పాడుచేశారు. పోయినేడు నేను చూసినప్పుడు ఇక్కడ ఒక్క పగులు లేదు."

ఆ ఒక్క వాక్యంతో అయిపోతుందని అందరికీ అర్థమైంది. మేం జైలుకి పోతాం, ఎవరో వచ్చి మళ్ళీ రంగు కొడతారు, పిల్లలు మళ్ళీ ఆ కప్పు కిందే కూర్చుంటారు. జనం అరుస్తూ ముందుకి తోసుకొచ్చారు. పోలీసులు లాఠీలు అడ్డం పెట్టారు. నా సంచి నా భుజానికే ఉంది. నా భార్య తట్ట నడుముకి ఆనించుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"పగులు ఉంది సార్" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

గుడ్డ విప్పి పెచ్చు పైకెత్తాను. "పోయినేడు మీరొచ్చే ముందురోజు ఇందులో లప్పం కుక్కింది నేనే. సగం వేలు దిగింది. ఇది నా వేలి అచ్చు. ఇది పడింది నా కూతురి మీదే."

నా భార్య తట్ట కింద పెట్టి వచ్చి, ఆ పెచ్చు నా చేతిలోంచి తీసుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"వేలు పెట్టు" అంది.

పెట్టాను. మచ్చ గీతలో సరిగ్గా కూర్చుంది. ఆమె నా ముఖం వైపు చూడలేదు. ఇంజనీరు వైపు తిరిగి, "సరిపోయింది. రాసుకోండి" అంది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా అంది, "మన సంగతి ఇంటికొచ్చాక."

గళ్ళచొక్కా జనాన్ని తోసుకుని వచ్చాడు. "రెండో గది కిటికీ పైన పగులు నాది."

"మెట్ల కింద దూలం నాది" అంది లప్పం అక్క. "లోపల కాగితాలు కుక్కి పైన లప్పం పెట్టా."

"రాలిందల్లా ఊడ్చేసింది నేను" అంది ఆయమ్మ.

పెద్ద టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "భవనం బాగానే ఉందన్న జవాబులన్నీ అందాయని సంతకం పెట్టి బీరువాలో దాచింది నేను."

వెనకనించి పదో తరగతి పిల్ల ఒకతి అంది. "ఇక మీ వంతే మిగిలింది సార్."

ఇంజనీరు జీపు వైపు నడిచాడు. పెద్ద తరగతుల పిల్లలు ఆయన జీపు ముందు బాసింపట్లు వేసుకుని పుస్తకాలు తెరిచారు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒక్కరూ లేవలేదు. చివరికి ఆయన రాసిన వాక్యం కొట్టేసి, భవనం పిల్లలు కూర్చోవడానికి పనికిరాదు, పైకప్పు మార్చాలి అని రాసి సంతకం పెట్టాడు. టీచరమ్మ అక్కడికక్కడే నకలు తీసుకుంది. ఆ తర్వాత ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించామని మా తొమ్మిది మందినీ వ్యానెక్కించారు. ఆ బడికి మేం చేసిన ఒకే ఒక్క సరైన పనికి కేసు పెట్టారు.

లాకప్పులో నా వేళ్ళు మండడం మొదలైంది. పాత సున్నం చర్మాన్ని తినేసింది. వారం రోజుల తర్వాత నాకు తెలిసిన మొదటి నొప్పి అదే. అప్పుడు ఏడ్చాను. గళ్ళచొక్కా ఏమీ అడక్కుండా తన కండువా తడిపి నా చేతికి చుట్టాడు.

మూడో రోజు బెయిలొచ్చింది. ఇంట్లో నా భార్య అన్నం పెట్టి, "దానికి నువ్వే చెప్పాలి" అని బయటికి వెళ్ళిపోయింది. అమ్మాయి మంచం మీద కూర్చుని ఎడమచేత్తో అక్షరాలు దిద్దుకుంటోంది. చెప్పాను. ఏదీ దాచలేదు.

"పడుద్దని నీకు ముందే తెలుసా నాన్నా?"

"తెలుసు."

తను కాగితం తిప్పి కొత్త పేజీ తీసింది.

"ఇలా ఇంకా ఏ బళ్ళకి వేశావు?"

ఒక్కొక్కటే చెప్పాను. తను ఒక్కొక్కటే రాసుకుంది. అక్షరాలు వంకర్లు పోయాయి, రెండు పేర్లకే పేజీ నిండిపోయింది, ఇంకో పేజీ తిప్పింది. సాయంత్రం దాకా రాసింది.

మా బడికి నిధులింకా రాలేదు. పిల్లలు ఆవరణలో కూర్చుని చదువుతున్నారు, టీచరమ్మ ఆ నకలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. నేను ఇవాళ మీ వీధికి వచ్చింది ఆ కథ మీకు చెప్పడానికి మాత్రమే కాదు. మా అమ్మాయి రాసిన కాగితాలు ఇవిగో, పద్నాలుగు బళ్ళు. మొదటిది ఈ వీధి చివరే ఉంది, మీ పిల్లలు చదివేది. రేపు ఆదివారం, గదులు ఖాళీగా ఉంటాయి. గీకే రేకులు తెచ్చుకోండి.