బాగుందండి

ఇమ్మానియేలు నోట్లో దేవుడు నాలుకకు బదులు ‘బాగుంది’ అనే మాట పెట్టి పంపాడని ప్రేమమ్మ ఫిర్యాదు. ఉప్పులేని పప్పు బాగుంటుంది. వానకు కురిసే ఇల్లు బాగుంటుంది. మిర్చి ధర పడిందని యార్డులో మేస్త్రి బస్తాకి కూలి తగ్గిస్తే, దానికీ తలూపి వచ్చాడు. ఇలాంటి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసినందుకు ఎవరన్నా తనకు శాలువా కప్పాలి.

ఈ పొద్దున కూడా యార్డులో బస్తా దారిలోనే దించేసి మరుగుదొడ్డికి పరిగెత్తాడు. పెద్దపేగులో పుండ్లన్నారు. కొత్త మందు పరీక్షిస్తున్నామని గుంటూరు ఆసుపత్రిలో పేరు రాసుకున్నారు. మాత్రలకు, పరీక్షలకు పైసా అక్కర్లేదు. మొదట్లో విరేచనంలో రక్తం పడటం ఆగింది. మిరప కోతలప్పుడు మళ్లీ మొదలైంది.

ఇప్పుడు ఆసుపత్రి వరండాలో, తువ్వాలు మడిచి వేసుకుని దానిమీద కూర్చున్నాడు. పక్కన వినుకొండ నుంచి వచ్చిన అఖిల అనే కాలేజీ పిల్ల. అదే జబ్బు. ఈ మందుకు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోలేక పొట్ట పట్టుకుని కూర్చుంది.

“పెదనాన్నా, పనిచేస్తందా ఈ మందు?”

“బాగుందమ్మా.”

లోపలికి పిలిచారు. అతను లేచినప్పుడు తువ్వాలు అంచున ఎర్రమరక ప్రేమమ్మ కంటపడింది. చప్పున మడిచి చంకలో పెట్టుకుంది.

“ఇమ్మానియేలు గారూ, రక్తం పడుతోందా? ఉన్నదున్నట్టు చెప్పండి,” అంది డాక్టర్ రెబెకా. “మీరు చెప్పేదాన్ని బట్టే ఇంకొకళ్లకి ఇవ్వాలా వద్దా తేలేది.”

“బాగుందండి.”

చెప్పి, పాఠం అప్పజెప్పిన పిల్లాడిలా ప్రేమమ్మ వైపు చూశాడు.

ఆ పాఠం చెప్పింది తనే. “మళ్లీ పడతందే, బాగోలేదు” అని మొన్న గడపలో కూలబడ్డాడు. “ఆ సంగతి అక్కడ అనమాక. మందు ఆపేస్తారు. ఊరికే వచ్చేదాన్ని చెడగొట్టుకుంటావా?” అంది తను. మేస్త్రి ముందు ఆయన తలూపాడని ఊరంతా చెప్పుకు నవ్వింది కూడా తనే.

తలుపు సందులోంచి అఖిల కనిపిస్తోంది. ఒప్పుదల కాగితం ఒళ్లో పెట్టుకుని, సంతకానికి సంచీలోంచి పెన్ను తీస్తోంది.

ప్రేమమ్మ తువ్వాలు తీసి బల్లమీద విప్పింది.

“బాగోలేదమ్మా. పడతానే ఉంది. ఆపేస్తే ఆపేయండి. ఈయన జన్మకల్లా ఒక్కసారి బాగోలేదన్నాడు, అదీ నాతో. నేనే నోరు మూయించా. తప్పు నాది.”