రేసు సైకిల్‌కు క్యారేజీ

శుక్రవారం సాయంత్రం బస్సు దిగి తండాలోకి వచ్చేసరికి మా అత్త తుల్సీబాయి ఎదురొచ్చింది.

"పో, సూస్కో. ఇప్పుడైంది అది సైకిల్" అన్నది.

గోడకు ఆనించి ఉండే నా రేసు సైకిల్ వాకిట్లో స్టాండ్ మీద నిలబడి ఉంది. వెనక చక్రం మీద ఇనుప క్యారేజీ. దాని మీద పాల క్యాను. నా భర్త మహేశ్ సీటు తుడుస్తున్నాడు.

"పొద్దుగాల క్యాను మోసుకుంట పాల కేంద్రానికి నడుస్తున్నవ్ గదా. నీకే సులువైతదని నెల్లికుదురు తీస్కపోయి సారయ్యతోని పెట్టించిన" అన్నాడు.

మహేశ్ భూపాలపల్లిలో బొగ్గు గని దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. వారానికొకసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసి పోతాడు. పోయిన వారం కోళ్ల గూడు. ఈ వారం నా సైకిల్. ఆదివారం పోటీకి ముందు కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలని రెండు రోజులు ఆఫీసుకు బస్సులో వెళ్లాను. సైకిల్ ఇంట్లో ఉంది.

సంచి దించకుండానే వంగి చూశాను. చక్రానికి ఇరువైపులా దిగే గొట్టాలకు ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించారు. ఎడమ గొట్టం మీద, పట్టీ అంచున, వెంట్రుకంత గీత. రూపాయి బిళ్లతో కుడి గొట్టాన్ని కొట్టాను. ఖంగుమంది. ఎడమదాన్ని కొట్టాను. అట్టపెట్టెను కొట్టినట్టు పలికింది.

"పగిలింది" అన్నాను.

"ఏడ? గీతనే గదా." మహేశ్ వేలితో రుద్దాడు. "వెల్డింగ్ పెట్టిస్తే అయిపాయె."

"ఇది ఇనుము కాదు. వెల్డింగ్ పట్టది."

"మరేంది?"

"బట్ట. కార్బన్ బట్టను జిగురుతోని అతికించి అచ్చుల కాలుస్తరు."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓ విజయా, ఇన్నవా? మా కోడలిది బట్ట సైకిలంట. జాకెట్ కుట్టంగ మిగిలిన ముక్కలుంటె పట్టుకరా, మనం గూడ ఒకటి కుట్టుకుందాం" అని పక్కింటామెను కేకేసింది. విజయ నవ్వింది. మహేశ్ నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా నా మూడేళ్ల కూతురు కూడా నవ్వింది.

ఆదివారం జనగామ దగ్గర హైవే మీద రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. పగిలిన గొట్టంతో గుంపులో తొక్కకూడదు. అది విరిగితే పడేది నేనొక్కదాన్నే కాదు, నా వెనక తొక్కే ఆడపిల్లలంతా పడతారు.

పిండి కలుపుతూ కూర్చున్నాను. నేను నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టాను. జనగామ హాస్టల్లో చదువుతున్నప్పుడు సైక్లింగ్ కోచ్ యోహాను సార్ నన్ను సైకిల్ ఎక్కించాడు. రోడ్ రేసులో రెండుసార్లు రాష్ట్ర ఛాంపియన్‌ని. జాతీయ పోటీల్లో కాంస్యం తెచ్చాను. రెండోసారి గెలిచినప్పుడు సైక్లింగ్ సంఘం ఈ సైకిల్ ఇచ్చింది. ఆ కాంస్య పతకం మీదే మహబూబాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ సూపరింటెండెంట్ వెంకట్రాం సార్ ఎవరికి సన్మానం జరిగినా నన్ను ట్రాక్‌సూట్‌లో రమ్మంటాడు. "ఛాంపియన్‌వి గదమ్మా, శాలువాల పళ్లెం నువ్వు పట్టుకుంటే అందం" అంటాడు. పళ్లెం పట్టుకుంటాను. తర్వాత తాగిన టీ కప్పులు ఏరుతాను. పెళ్లయిన కొత్తలో అత్త ఒకే మాట అనేది, "గట్ల వంగి తొక్కుతుంటే ఎనక నుంచి ఊరంత చూస్తది." అప్పుడు మహేశ్ నా వైపు మాట్లాడేవాడు. పోటీలకు బండి మీద నీళ్లు పట్టుకొచ్చేవాడు. బిడ్డ పుట్టాక, "ఇగ సాలు గదా, పేరొచ్చింది గదా" అన్నాడు. ఒకసారి నా రేసు బూట్లు తొడుక్కొని పొలంలో నీళ్లు కట్టాడు. పెడల్‌కు పట్టే అడుగు ముక్కలు విరిగాయి. పాతవనుకున్నానన్నాడు. జాతీయ క్యాంపు నుంచి ఫోన్ వస్తే తనే ఎత్తి, బిడ్డ చిన్నది రాదు అని పెట్టేశాడు. వారం తర్వాత నాకు చెప్పాడు. "నీకు పరేషాన్ ఎందుకని" అన్నాడు. ప్రతిసారీ, గనిలో పనిచేసే మనిషికి ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మళ్లీ తొక్కడం మొదలుపెట్టినప్పుడు ఎవరూ అడ్డం రాలేదు. పాలు పిండి, రొట్టెలు చేసి, బిడ్డకు తల దువ్వి, ఆఫీసుకు సైకిల్ మీదే పోయాను. అదే నా ప్రాక్టీసు. మహబూబాబాద్ చేరడానికి పట్టే సమయం వారం వారం తగ్గింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. యోహాను సార్ "వచ్చి తొక్కమ్మా, చూద్దాం" అన్నాడు. వెంకట్రాం సార్ "ఈ వయసులో ఎందుకమ్మా" అన్నాడు. మా అమ్మ "పడకుంట రా బిడ్డా" అన్నది. ఈసారి ఎంపిక కాకపోతే ఇంకోసారి నా పేరు పిలవరని నాకు తెలుసు.

ఇంకో రేసు సైకిల్ దొరుకుతుందేమోనని శనివారం పొద్దున యోహాను సార్‌కు ఫోన్ చేశాను. "నీ ఎత్తుకు సరిపడే బండి నా దగ్గర లేదమ్మా. అట్లాంటివి ఉన్నవాళ్లంతా రేపు తొక్కేవాళ్లే" అన్నాడు. ఆయనే పెట్టేశాడు.

క్యారేజీ విప్పించడానికి నెల్లికుదురు దాకా సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లాను. సారయ్య పంక్చర్ వేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"తిట్టకు బిడ్డా" అన్నాడు, నేను ఏమీ అనకముందే.

"నిన్నెందుకు తిడత సారయ్యా? ఇప్పు దాన్ని."

ఆయన పానా తీసుకున్నాడు గానీ బోల్టుకు పెట్టలేదు. "మొదటి బోల్టు బిగిస్తుంటెనే పటుక్కుమన్నది బిడ్డా. నేను ఆపిన. ఏందో పగిలింది మహేశా, ఇగ వద్దు అన్న. మహేశ్ వంగి చూసిండు. చెయ్యి పెట్టి తడిమిండు. 'ఏం కాదు, ఇంకింత బిగియ్' అన్నడు. సైకిల్ మీది, నేనేమంట?"

పట్టీ ఊడింది. గీత గొట్టం చుట్టూ తిరిగి ఉంది.

ఇంటికొచ్చేసరికి మహేశ్ వాకిట్లో కూర్చొని బిడ్డకు పాలల్లో రొట్టె నానబెట్టి తినిపిస్తున్నాడు.

"ఏమన్నడు సారయ్య? వెల్డింగ్ అయితదంటనా?"

"మొదటి బోల్టుకే పగిలిందంట. నువ్వు చూసినవంట."

మహేశ్ తల ఎత్తలేదు. ఇంకో ముక్క తుంచి బిడ్డ నోట్లో పెట్టాడు. అబద్ధం చెబుతాడని ఎదురుచూశాను. చెబితే బాగుండుననుకున్నాను.

"గెలిస్తే క్యాంపంటరు" అన్నాడు. "క్యాంపంటే ఆర్నెల్లు. నేను భూపాలపల్లిల ఉంటి, అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఈ పిల్లనెవరు చూడాలె? పాలెవరు పిండాలె?"

"గెలుస్తనని నీకెవరు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పాల్నా? నువ్వు తొక్కుతుంటే చూస్తలేనా?" గిన్నె కింద పెట్టి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "ఓడిపోతవనుకుంటే నేనే బండి మీద జనగామ తీస్కపోతుంటి."

ఈ మూడేళ్లలో నేను గెలుస్తానని అన్న మనిషి ఆయన ఒక్కడే.