మిగిలిన గళ్లు

ఆదివారం పేపర్లో వచ్చే గళ్లనుడికట్టును నేను అంతవరకూ ఒక్కసారి కూడా పూర్తిగా నింపలేదు. నాకు చదువు బడిలో రాలేదు. పొట్లాల కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. పక్కింటి జానీబీకి ఆ మాత్రమూ రాదు. ఇద్దరం మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నప్పుడు నేను ఆధారాలు పైకి చదివేదాన్ని, ఆమె జవాబులు ఆలోచించేది. ఎంత చేసినా రెండు మూడు మాటలు మిగిలిపోయేవి.

ఆ ఆదివారం జానీబీ ఊరు విడిచి పిడుగురాళ్ల వెళ్లిపోతోంది. మిరప ఘాటుకు దగ్గు ముదిరిందని కూతురు జహీరున్నీసా తన దగ్గరికి వచ్చేయమంది.

"ఘాటు పడక సున్నపు బట్టీల పొగలోకి పోతున్నావా?" అన్నాను.

"నీ నస తప్పుతుందిగా అక్కా," అంది.

నవ్వు రాలేదు నాకు. పోయేవాళ్లను కళ్లారా సాగనంపడం నాకెన్నడూ కుదరలేదు. మా ఆయన పోయినప్పుడు మందుల కొట్టు ముందు నిలబడి ఉన్నాను. చెల్లెలు పోయిన కబురు దారిలో, బస్సులో తెలిసింది. ఈసారి మాత్రం జానీబీ ఎక్కిన ఆటో కోల్డ్ స్టోరేజి మలుపు తిరిగేదాకా రెప్ప వేయకుండా చూడాలని గట్టిగా అనుకున్నాను.

ఆటో కోసం అరుగు మీద కూర్చుని పేపరు తీశాం. చివరికి రెండే మాటలు మిగిలాయి. 'రోజూ ముంగిట కురిసే వాన, మబ్బుతో పనిలేదు.' మూడక్షరాలు, మొదటిది 'క'. నేను 'కన్నీరు' అని రాసేశాను. దాని చివరి అక్షరం నుంచి కిందికి ఇంకో మాట: 'ముడుచుకుని పడుకున్న అయిదుగురు.' 'రు'తో మొదలయ్యే ఆ అయిదుగురు ఎవరో ఎంతకీ తేలలేదు.

ఆటో వచ్చింది. సామాను ఎక్కింది. జానీబీ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పోదామా మామ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఉండరా అబ్బాయ్! రావమ్మక్కా, అది కన్నీరు కాదే, నీకెప్పుడూ అదే తోస్తుంది. కళ్లాపి! రోజూ సగం మా గుమ్మం మీదే చల్లుతావు, ఆ మాత్రం తెలీదూ?"

"ఎప్పుడు తట్టింది నీకు?"

"నువ్వు చదివినప్పుడే. చెబితే పేపరు మడిచి వంటకి లేచిపోతావుగా."

కొట్టేసి 'కళ్లాపి' అని రాశాను. చివర 'పి' పడింది. పడగానే కిందిది కూడా తెలిసిపోయింది. ముడుచుకున్న అయిదు వేళ్లు. పిడికిలి! ఒక్కో అక్షరం గడి దాటకుండా దిద్ది రాశాను. అడ్డం, నిలువు అన్నీ మళ్లీ చూశాను. ఖాళీ గడి ఒక్కటీ లేదు.

"జానీ, నిండిపోయిందే! మొత్తం నిండిపోయింది!" అంటూ తలెత్తాను.

ఆటో లేదు. మలుపు దగ్గర దుమ్ము కూడా అణిగిపోయింది. చెయ్యి ఊపిందేమో. పిలిచిందేమో.

ఆ సంతోషం మాత్రం గుండెల్లో ఇంకా కొట్టుకుంటూనే ఉంది. పేపరు రెండు చేతులా పట్టుకుని, చూపించడానికి ఎవరూ లేక, అక్కడే నిలబడిపోయాను.