ఉప్పలయ్య వేసిన ముడి

ఆ దవాఖానలో గురువారాలు మతి తప్పిన ముసలివాళ్లను డాక్టరు, నర్సు, ఇళ్లకు వెళ్లి చూసే శారదమ్మ, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చూసేవారు. ఆ వారం ఉప్పలయ్య భార్య కనకలక్ష్మి ఒక్కతే వచ్చింది.

“మీ ఉప్పలయ్య ఏడి?” అన్నాడు డాక్టరు.

“కొత్తవాడల, ఇంట్ల. మగ్గం గుంజకు కట్టేసొచ్చిన సారూ.”

“మనిషిని కట్టేస్తవా?” శారదమ్మ గద్దించింది.

“తోలుకొస్తాంటే రైలుపట్టాల మీదికి ఉరుకుతాండు. మీరు ముగ్గురున్నరు, నేనొక్కదాన్ని! నేనేసిన ముడి నిలుస్తలేదు. నలభై ఏండ్లు జంపఖానాలు నేసిన చెయ్యి గద, ఆయన కాలికి ఆయన్నే ముడెయ్యమన్న. గట్టిగ బిగించిండు. బిగించి, నా మొకం చూసి, ‘అమ్మా, నన్నెవలు కట్టేసిండ్లు? జర ఇప్పవా?’ అన్నడు.”