అమ్మకు దుబాసీ

ముసలితనమట, మంగళవారం తుంటి ఆపరేషన్ అయ్యేదాకా రాని ముసలితనం బుధవారం పొద్దున్నే ఊడిపడిందా, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం ఈ కుర్ర డాక్టర్ వీరేంద్రకి, దిమాగ్ ఠీక్ హై దీదీ, బుర్రకేం కాలేదు, ఈ వయసులో నిద్ర ఎక్కువే, ఎల్లుండి ఇంటికి తీసుకెళ్లండి అనేసి పక్క మంచానికి పోయాడు, మాలతికి ఒళ్లు మండిపోయింది, బాత్రూంలో జారిపడి కూడా, పొయ్యి మీద పప్పుందే, గ్యాస్ బంద్ చెయ్యే అని అరిచిన మనిషి వాళ్లమ్మ వరహాలమ్మ, ఇప్పుడు పొద్దున్నంతా ఎంత పిలిచినా కళ్లు తెరవదు, మధ్యాహ్నం గంటసేపు మామూలు మనిషై కాఫీ అడుగుతుంది, సాయంత్రానికి దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతుంది, చీమల సంగతి చెబితే నవ్వుతాడా, వీడి చదువు తగలెయ్య.

పరీక్ష చేశాడు కదా, మరెందుకు తెలియలేదు, వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నాడు, అమ్మ ఆదివారం, శనివారం అని ఆగి, ఫ్యాను కేసి చూస్తూ, గూడ్సొచ్చెస్తంది, మీ నాన్న గేటెయ్యనేదేటే అంది, రైల్వే గేటు కాసిన నాన్న పోయి పన్నెండేళ్లు, ఎక్కడున్నారని అడిగితే తిల్దా స్టేషన్‌లో అంది, అది ఎప్పుడో నాన్న పనిచేసిన చోటు, అన్నీ విన్నాడు కదా, విన్నాడా, అతనికి తెలుగెక్కడ వచ్చు, అతను విన్నది మాలతి హిందీ, ఏడు రోజులూ చెప్పింది సర్, ఆసుపత్రిలో ఉన్నానంటోంది సర్, కాస్త అలిసిపోయింది అంతే.

ఛీ, నలభై ఏళ్ల అలవాటు, రేషన్ షాపువాణ్ణి అమ్మ తెలుగులో తిట్టిపోస్తుంటే, చక్కెర ఎప్పుడొస్తుందని అడుగుతోంది భయ్యా అని ఎనిమిదేళ్ల మాలతి సర్దిచెప్పేది, మద్రాసీలని కాలనీ అంతా నవ్వుతుందని సిగ్గు, బ్యాంకులో, పెన్షన్ ఆఫీసులో, అమ్మ మాటలకి ఇస్త్రీ చేసి అప్పగించడమే పని, మూడు రోజులుగా ఇక్కడా అదే, నోరు తనంతట తనే సర్దేసింది, కంచే చేను మేసింది, డాక్టరు మీద లేచిన కోపం వెనక్కి తిరిగి తన చెంపే వాయించింది, ఇంతసేపూ ఆ కుర్రాడు పరీక్ష చేసింది మాలతిని, మాలతి పాసైంది, అమ్మని ఇంకా ఎవరూ పరీక్ష చెయ్యనే లేదు.