దుప్పటి మీద డాష్‌బోర్డు

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో అందరికీ తెలుసు, ఆస్పత్రిలో అందరికీ తెలుసు. అందుకే ఈ కథలో మొదటి తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటున్నాను.

నేను ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చే, సెలైన్లు పెట్టే నర్సుని. మంచం దిగలేనివాళ్ళు, ఆపరేషనై ఇంటికొచ్చినవాళ్ళు, రోజుకి పదిమంది దాకా ఉంటారు. ఆరేళ్ళు రికార్డుల గదిలో దుమ్ము తిన్నాక దొరికిన రూటు ఇది. మా ఆయన సరుకుల ఓడ మీద వంటవాడు, ఇంకో రెండు నెలలకి గానీ రాడు. ఇంట్లో ఉండేది నేనూ, అత్తయ్యా, మామయ్య వదిలివెళ్ళిన పాతికేళ్ళ కారూ. అత్తయ్యకి అరవై ఎనిమిదేళ్ళు. పాత కోట్లు విప్పి, లోపలివైపు బయటికి తిప్పి మళ్ళీ కుట్టే దుకాణంలో ఇప్పటికీ ఒంటిపూట పనిచేస్తుంది. పొద్దున్నే ఆవిణ్ణి అక్కడ దింపి నేను నా రోగుల దగ్గరికి పోతాను.

చలి మొదలైన వారానికి కారులో వింతలు మొదలయ్యాయి. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుగా ఆవిరి పట్టేది. తుడిస్తే పోయేది కాదు, ఇంకా అలుక్కుపోయేది. ఏదో తియ్యటి వాసన. అత్తయ్య కూర్చునేవైపు కాళ్ళకింద పట్టా తడి. ఆవిడ చేతిలో ఎప్పుడూ వేడినీళ్ళ ఫ్లాస్కు, సంచిలో దగ్గుమందు సీసా ఉంటాయి. ఇంకేం కావాలి నాకు? నేరం, నేరస్థురాలు, సాక్ష్యం, అన్నీ ఒక్క సీట్లోనే దొరికాయి.

"మూత సరిగ్గా బిగించరా అత్తయ్యా? కారంతా దగ్గుమందు కంపు."

"నేను ఒలకబొయ్యలేదమ్మాయ్."

"మరి నేను ఒలకబోశానా?"

మర్నాటి నుంచి ఆవిణ్ణి వెనకసీట్లో కూర్చోబెట్టాను. అక్కడ కింద ప్లాస్టిక్ సంచి కూడా పరిచాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

రెండు వారాలు గడిచాయి. శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రి ఆఫీసు నుంచి ఇంటికి కాగితం వచ్చింది. ఇళ్ళకు తిరిగే నర్సులందరి కార్లకీ సోమవారం ఉదయం ఎనిమిదికి తనిఖీ. గంట ముందే తెచ్చి, ఇంజను ఆపి చలిలో నిలబెట్టాలి. తర్వాత స్టార్టు చేస్తే పది నిమిషాల్లో అద్దం లోపలా బయటా శుభ్రపడాలి. పడకపోతే ఆ చలికాలానికి రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అంటే మళ్ళీ ఆ రికార్డుల గది, ఆ కిటికీ లేని గోడ, ఆ ఫైళ్ళు.

పరుగున వెళ్ళి కారు తలుపు తీశాను. ముందుసీటు కింద చెయ్యి పెడితే పట్టా పిండితే కారేలా ఉంది.

"అత్తయ్యా, మళ్ళీ తడి..." అని కేకవేయబోయి నాలుక్కరుచుకున్నాను.

అత్తయ్య గుమ్మంలోనే ఉంది. "రెండు వారాలై వెనకేగా కూర్చుంటున్నా? అక్కడినుంచి ఇక్కడ ఒలకబొయ్యాలంటే నాకు తొండం ఉండాలి."

"తప్పయిపోయింది అత్తయ్యా."

"అయింది కదా మరి. పద, మెకానిక్ దగ్గరికి పోదాం." అంటూనే వెళ్ళి దర్జాగా ముందుసీట్లో కూర్చుంది.

మా మెకానిక్‌ని ఇంట్లో మేం 'లాభంలేదు' అని పిలుచుకుంటాం. ఏం చూపించినా ఆయన నోట మొదటొచ్చే మాట అదే. పట్టాలో వేలు ముంచి, వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు.

"హీటర్ కోర్ పోయింది సిస్టర్. డాష్‌బోర్డు వెనకాల చిన్న రేడియేటరు లాంటిది ఉంటుంది. ఇంజన్ని చల్లబరిచే ద్రవం, కూలెంటు, అక్కడ కాగి దీంట్లోంచి తిరుగుతుంది. ఫ్యాను దాని మీంచి ఊదితే మీకు వేడిగాలి. దానికి చిల్లు పడింది. కూలెంటు కారి పట్టా తడుస్తోంది, ఆవిరై అద్దానికి అంటుకుంటోంది. ఆ తియ్యటి వాసన దానిదే."

"దగ్గుమందుది కాదా నాయనా?" అని అత్తయ్య నా వైపు చూస్తూ అడిగింది.

"కాదు పెద్దమ్మా."

"ఇంకోసారి చెప్పు. కొందరికి వినపడలేదు."

నేను కొట్టు గోడమీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. "సోమవారంలోగా మార్చండి," అన్నాను.

"లాభం లేదు. వస్తువు ఇంతే, రెండు చేతుల్లో పడుతుంది. దాని దాకా పోవాలంటే మాత్రం డాష్‌బోర్డు మొత్తం ఊడదియ్యాలి. రెండు రోజుల పని. నాకు మూడు వారాల దాకా ఖాళీ లేదు. కావాలంటే గొట్టాలు రెండూ కలిపేసి, కోర్‌ని తప్పించేస్తా. కారడం ఆగుతుంది."

"మరి వేడి?"

"రాదు."

"అద్దం?"

"తుడుచుకోండి."

ఒంటికాలి మీద లేచాను. "ఆ కోర్ ఏదో ఇలా ఇవ్వండి. నేనే మార్చుకుంటా!"

అన్నాక నాకే భయమేసింది. స్క్రూడ్రైవర్‌తో నేను చేసిన అతి పెద్ద పని గోడకి గడియారం తగిలించడం. ఆయన నవ్వుతూ లోపలి అర నుంచి కొత్త కోర్, రెండు క్లిప్పులు, ఒక డబ్బా కూలెంటు తెచ్చిచ్చాడు. "విప్పడం ఎవరైనా విప్పుతారు సిస్టర్. తిరిగి పెట్టాక చివర్లో గుప్పెడు స్క్రూలు మిగులుతాయి, చూస్తూ ఉండండి."

అత్తయ్యకి ఆ మాట ఎక్కడో తగిలింది. "మిగలడమేంటి? నలభయ్యేళ్ళుగా కోట్లు విప్పుతున్నా, ఒక్క గుండీ మిగల్లేదు."

శనివారం పొద్దున్నే మా కారు షెడ్డు నేలమీద ఆవిడ తెల్ల దుప్పటి పరిచింది. దానిమీద దర్జీ సుద్దతో డాష్‌బోర్డు బొమ్మ గీసింది, స్టీరింగుకి గుండ్రం, రేడియోకి చదరం. "నువ్వు తీసిన ప్రతి స్క్రూ నా చేతికియ్యి. ఏది ముందు తీశావో అంకె వేస్తా. పెట్టేటప్పుడు చివరి అంకె నుంచి వెనక్కి రావడమే," అంది. నేను బ్యాటరీ తీగలు ఊడదీసి, కూలెంటు బకెట్లోకి వదిలి, తలకిందులుగా డాష్‌బోర్డు కిందికి దూరాను. స్క్రూ చేతికందగానే ఆవిడ దాన్ని ఆ బొమ్మలో దాని చోటే దుప్పటికి గుచ్చి, పక్కన అంకె రాసేది. తీగలకి రంగురంగుల దారాలు కట్టింది. మధ్యాహ్నానికి అరవై దాటాయి. నా వెన్ను విరిగిపోతోంది, మోచేతులు గీరుకుపోయాయి.

అన్నీ తీసినా డాష్‌బోర్డు కదల్లేదు. నాకు తిక్కరేగింది. రెండు చేతులా పట్టుకుని లాగాను. ఎక్కడో టక్కుమంది.

"ఆగవే!" అని అరిచింది అత్తయ్య. నన్ను ఆవిడ 'వే' అనడం అదే మొదటిసారి. "కుట్టు ఉండగా లాగితే గుడ్డ చిరుగుతుంది. ఎక్కడో ఒకటి మిగిలుంది. లే, నన్ను చూడనీ."

కారులోకి వంగి, కళ్ళు మూసుకుని, డాష్‌బోర్డు అంచు వెంట వేళ్ళు పోనిచ్చింది. అద్దం మూల దగ్గర ఆగింది. అక్కడ చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, దాని వెనక స్క్రూ ఉన్నాయి. అరవై మూడో అంకె వేశాక డాష్‌బోర్డు అలా చేతుల్లోకి వచ్చేసింది.

పాత కోర్ బయటికి తీశాం. మూల మీద ఆకుపచ్చ తుప్పు, దాని మధ్య గుండుసూది మొనంత చిల్లు. దానికోసం నేను ఓ పెద్ద మనిషిని వెనకసీట్లోకి తోశాను! కొత్తదాని చుట్టూ స్పాంజి పట్టీని అత్తయ్య కాలరు కుట్టినంత నీటుగా అంటించింది.

ఆదివారం అరవై మూడు నుంచి వెనక్కి వచ్చాం. ఒకటో అంకె స్క్రూ బిగించేసరికి దుప్పటి మీద సుద్ద గీతలు, చిల్లులు తప్ప ఇంకేమీ లేవు. 'లాభంలేదు' గనక అక్కడుంటే ఆ దుప్పటిని ఆయన మొహం ముందు దులిపేదాన్ని. కూలెంటు పోసి, స్టార్టు చేసి, హీటరు పూర్తిగా తిప్పాను.

చల్లగాలి వచ్చింది. పది నిమిషాలు చూశాను, ఇరవై నిమిషాలు చూశాను. ఇంజను వేడెక్కింది గానీ లోపలికి వచ్చేది మంచుగాలే. కారాపేసి షెడ్డు గుమ్మంలో చతికిలబడి ఏడ్చాను.

"ఇక రికార్డుల గదే నా గతి అత్తయ్యా."

ఆవిడ ఓదార్చలేదు. "గుడ్డ సంగతి నాకు తెలుసు, నేను చెయ్యాల్సింది చేశా. గొట్టాల సంగతి నీది. రోజూ గొట్టాలతోనేగా నీ పని? ఆలోచించు."

ముక్కు చీదుకుని లేచాను. కోర్‌లోకి పోయే గొట్టం పట్టుకుంటే వేడిగా ఉంది. తిరిగొచ్చే గొట్టం చల్లగా ఉంది. అంటే లోపలికి వెళ్ళడమే లేదు. మధ్యలో ఏదో అడ్డుపడింది. కొత్తవి కదా, ఏం అడ్డుపడుతుంది?

సెలైన్ పెట్టేటప్పుడు మొదట నేనేం చేస్తాను?

"గాలి!" అని అరిచాను. "అత్తయ్యా, గొట్టంలో గాలి ఇరుక్కుంది!"

ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఓపిక పట్టాం. తర్వాత కారు ముక్కు పైకుండేలా వీధి వాలు మీద నిలబెట్టి, చక్రాలకి రాళ్ళు పెట్టాను. రేడియేటరు మూత తీసి, అప్పుడు స్టార్టు చేశాను. అత్తయ్య గరాటు పట్టుకుని కూలెంటు పోస్తోంది. నేను గొట్టాన్ని నొక్కుతూ వదులుతూ ఉన్నాను, సెలైన్ గొట్టంలో బుడగలు పైకి తోసినట్టు. గుడగుడమని ఒక బుడగ, ఇంకోటి, తర్వాత చాలా. నిండుగా ఉన్న కూలెంటు ఒక్కసారిగా లోపలికి దిగింది. అత్తయ్య మళ్ళీ పోసింది. నా చేతిలోని చల్లటి గొట్టం గోరువెచ్చనైంది. తర్వాత పట్టుకోలేనంత వేడెక్కింది. నేను వీధిలోనే గెంతులు వేశాను. పక్కింటివాళ్ళు కిటికీలు తీసి చూశారు, చూడనిమ్మనుకున్నాను.

సోమవారం ఆస్పత్రి ఆవరణలో కార్లు వరసగా నిలబడ్డాయి. అద్దాల మీద మంచు పెంకు కట్టింది. వాహనాల ఆఫీసరు చేతిలో గడియారంతో మా దగ్గరికి వచ్చాడు. స్టార్టు చేశాను. మూడు నిమిషాలకి మంచు అడుగున చిన్న గుండ్రం కరిగింది. నాలుగో నిమిషానికి అది అరచెయ్యంత అయింది. ఏడో నిమిషానికి అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకి తళతళలాడింది.

ఆఫీసరు గాలి వచ్చేచోట చెయ్యిపెట్టి చూశాడు. "బాగుందే! పాత బండికి ఇంత వేడి ఎక్కడా చూళ్ళేదు. ఏ గ్యారేజీలో చేయించారు సిస్టర్? ఇక్కడ రాయాలి."

ఇంట్లో చేశామంటే ఒప్పుకుంటాడో లేదో. నేను నీళ్ళు నములుతుంటే పక్కసీటులోంచి అత్తయ్య ముందుకు వంగింది.

"అత్తాకోడళ్ళు అని రాసుకో బాబూ."

"అదెక్కడుంది పెద్దమ్మా?"

"నీ ఎదురుగానే ఉంది. మా కోడలు విప్పింది, నేను లెక్కపెట్టా. మళ్ళీ తనే బిగించింది. అనుమానముంటే విప్పి చూసుకో, అరవై మూడు స్క్రూలు. ఒక్కటి తగ్గినా నన్నడుగు."

ఆఫీసరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నా గీరుకుపోయిన మోచేతులు చూశాడు. తర్వాత వంగి, ముత్యాల్లాంటి అక్షరాలతో 'అత్తాకోడళ్ళు' అని రాసి, కింద ముద్ర గుద్ది, నా రూటు కాగితం నా చేతిలో పెట్టాడు. నేను అత్తయ్యని వాటేసుకుని అందరి ముందూ ఏడ్చేశాను. ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

"ఇంక చాల్లే, నాకు దుకాణం ఉంది," అంది అత్తయ్య. ఆవిణ్ణి దింపి, మొదటి రోగి ఇంటికి పావుగంట ముందే చేరాను.